చెడుగుడు బరిలో ఆడపిల్లలు

చెడుగుడు అందరికీ తెలిసిన ఆటే. ఇప్పుడు దానిని కబడ్డీ అంటున్నాం. మహారాష్ట్రలో హుతుతు అనేవారు. బంగ్లాదేశ్‌కు ఇది జాతీయ ఆట. బంతి అక్కరలేదు. కర్ర అక్కరలేదు. కొనవలసింది పెద్దగా ఏమీ లేదు.

అయినా చాలామంది తల్లులు ఈ ఆటను నిలబడి చూసి ఉండరు. మగపిల్లల ఆట, మనకేం పని అనుకుంటారు. ఇప్పుడు బడిలో ఆడపిల్లలూ ఆడుతున్నారు. మోకాలు గీరుకుని, బట్టలు మాపుకుని ఇంటికి వస్తారు. "ఆడపిల్లవు, నీకెందుకే ఈ తోపులాట?" అని తల్లి కోప్పడుతుంది. అది తోపులాట అవునో కాదో తేలాలంటే ముందు ఆట తెలియాలి.

ఆడే చోటును బరి అంటారు. ఆడవాళ్ళ బరి పొడవు 12 మీటర్లు, వెడల్పు 8 మీటర్లు. మధ్యలో నడిగీత ఉంటుంది. గీతకు అటు ఒక జట్టు, ఇటు ఒక జట్టు. జట్టుకు ఏడుగురు చొప్పున బరిలో దిగుతారు.

ఒక జట్టు నుంచి ఒక పిల్ల ఎదుటి వాళ్ళ బరిలోకి వెళుతుంది. దీనినే కూతకు వెళ్ళడం అంటారు. నడిగీత దాటక ముందే "కబడ్డీ, కబడ్డీ" అని కూత మొదలుపెట్టాలి. ఊపిరి తీసుకోకుండా, అందరికీ వినపడేలా అంటూనే ఉండాలి. కూత ఆగిందా, ఆ పిల్ల చచ్చినట్టే. చావడం అంటే ఆటలో నుంచి బయటికి పోవడం. కూతకు 30 సెకన్లే గడువు. ఆ లోపల ఎదుటి వాళ్ళను తాకి, పట్టుబడకుండా తిరిగి రావాలి. ఎంతమందిని తాకి వస్తే అన్ని పాయింట్లు. తాకించుకున్న వాళ్ళు చస్తారు. అటు ఎందరు చస్తే, ఇటు అంతకు ముందు చచ్చిన వాళ్ళలో అందరు బతికి మళ్ళీ బరిలోకి వస్తారు. ముందు చచ్చిన పిల్ల ముందు బతుకుతుంది.

ఎవరినీ తాకకుండా ఊరికే వెళ్ళి వస్తానంటే కుదరదు. నడిగీతకు 3 మీటర్ల దూరంలో ఇంకో గీత ఉంటుంది. కనీసం దానినైనా దాటి రావాలి. లేకపోతే చావే. దానికి మీటరు అవతల బోనస్ గీత ఉంటుంది. అవతల ఆరుగురు గానీ ఏడుగురు గానీ ఉన్నప్పుడు ఆ గీత దాటి కాలు మోపితే అదనంగా ఒక పాయింటు. కానీ ఈ పాయింటుతో చచ్చిన వాళ్ళు బతకరు.

ఇక ఎదుటి ఏడుగురి సంగతి. వాళ్ళు ఎక్కడ పడితే అక్కడ నిలబడరు. అర్ధచంద్రంలా వంగిన వరుసలో నిలబడతారు. రెండు చివర్లలో ఉన్న వాళ్ళను కార్నర్లు అంటారు. వాళ్ళ పక్కన ఇన్‌లు. తరువాత కవర్లు. నట్టనడుమ సెంటర్. కూతకు వచ్చిన పిల్ల కాలు దగ్గరికి రాగానే కార్నర్ వంగి మడమ దగ్గర పట్టేస్తుంది. కవర్ ఎదురు వెళ్ళి నడుము దగ్గర అడ్డుకుంటుంది. పక్కపక్కన ఉన్న ఇద్దరు చేతులు కలిపి పట్టుకుంటే అది గొలుసు. గొలుసుతో దారి మూసేస్తారు.

ఇక్కడే ఉంది అసలు ఆట. ఒక్కతే తొందరపడి పట్టుకోబోతే కూత పిల్ల విదిలించుకుని పోతుంది. పట్టబోయిన పిల్ల చస్తుంది. ఒకరు కాలు పట్టిన క్షణంలోనే మిగతా వాళ్ళు మీద పడాలి. ఎవరూ నోటితో చెప్పరు. కళ్ళతోనే తెలుసుకోవాలి. ముగ్గురో, ఇద్దరో మిగిలినప్పుడు కూత పిల్లను పట్టేస్తే ఇంకో పాయింటు ఎక్కువ ఇస్తారు. ఏడుగురూ చస్తే ఎదుటి జట్టుకు అదనంగా 2 పాయింట్లు. అప్పుడు ఏడుగురూ మళ్ళీ బరిలోకి వస్తారు.

కూత పిల్లకూ ఉపాయాలు ఉన్నాయి. చేయి చూపించి కాలితో తాకుతుంది. వెనక్కి తిరిగినట్టే తిరిగి మడమతో తన్ని తాకుతుంది. పట్టుబడ్డా వదిలిపెట్టదు. పడిపోయి, పాకి, చేయి చాచి నడిగీత అందుకుంటే బతికినట్టే! పట్టుకున్న వాళ్ళందరూ చస్తారు.

మరి దెబ్బలు తగలవా? తగులుతాయి. లేదని చెప్పడం అబద్ధం. అందుకే నియమాలు గట్టిగా ఉన్నాయి. కూత ఆపడానికి నోరు మూయకూడదు. రెండు కాళ్ళ మధ్య కత్తెరలా బిగించకూడదు. గోళ్ళు కత్తిరించుకుని రావాలి. ఒంటికి నూనె రాసుకోకూడదు. గాజులు, ఉంగరాలు తీసేయాలి. తప్పు చేస్తే అంపైరు బయటికి పంపిస్తాడు. తోపులాటకు ఇన్ని నియమాలు ఉండవు.

పెద్ద ఆడవాళ్ళ పోటీల్లో బరువు 75 కిలోలు దాటకూడదు. చిన్నపిల్లలకు ఇంకా తక్కువ హద్దు. బరువు తగ్గాలని పిల్ల అన్నం మానేస్తే తల్లి ఊరుకోకూడదు. ఖాళీ కడుపుతో కూత నిలవదు.

ఆసియా దేశాల ఆటల పోటీలో మగవాళ్ళ కబడ్డీ 1990లో చేరింది. ఆడవాళ్ళ కబడ్డీ చేరడానికి ఇంకో 20 ఏళ్ళు పట్టింది. 2010లో, 2014లో మన ఆడవాళ్ళే బంగారు పతకం గెలిచారు. 2018లో ఇరాన్ జట్టు మన వాళ్ళను 27-24తో ఓడించింది. ఆ ఇరాన్ ఆడపిల్లలకు ఆట నేర్పింది ఎవరు? మన దేశం ఆవిడే. పేరు శైలజా జైన్, మహారాష్ట్ర ఆవిడ. తరువాత 2023లో చైనాలోని హాంగ్‌జౌలో మన వాళ్ళు తైవాన్ జట్టును 26-25తో ఓడించి బంగారం తిరిగి తెచ్చుకున్నారు. ఒక్కటంటే ఒక్క పాయింటు తేడా!

పిల్ల పెద్దమనిషి కాగానే ఆట మానిపించే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. నిక్కరు వేసుకుంటుందని, నలుగురూ చూస్తారని అంటారు. ఆ ఈడు అన్నకు వచ్చినప్పుడు ఎవరూ ఆట మానమనరు. నెలసరి రోజుల్లో ఒంట్లో బాగుంటే ఆడవచ్చు. నొప్పిగా ఉంటే ఆ రోజు కూర్చోవచ్చు. దానికోసం ఆటే మానక్కరలేదు.

పిల్లలు గట్టి నేల మీద, రాళ్ళ మీద ఆడితేనే దెబ్బలు ఎక్కువ. బడి దగ్గర బరి ఎలా ఉందో తల్లులు ఒకసారి వెళ్ళి చూడవచ్చు. నేల తవ్వి, రాళ్ళు, పెంకులు ఏరి, మట్టి జల్లించి మెత్తగా పరవాలి. దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లాలి. ఆరిన తరువాత కొలిచి ముగ్గుపిండితో గీతలు వేయాలి. పొడవు 12 మీటర్లు అంటే సుమారు 39 అడుగులు. వెడల్పు 8 మీటర్లు అంటే సుమారు 26 అడుగులు. నడిగీత సరిగ్గా సగంలో రావాలి.