కరోనా నాటి మాట: పావగడలో

పావగడ తాలూకా పటం చూసినవారికి ఒక సంగతి వెంటనే తెలుస్తుంది. పేరుకు కర్ణాటక రాష్ట్రం, తుమకూరు జిల్లా; మూడు వైపులా మాత్రం ఆంధ్రదేశమే. మడకశిర, పెనుకొండ, హిందూపురం అన్నీ దగ్గరివే. కొండకోట కింద పట్నంలోనైనా, వై. ఎన్. హొసకోట మగ్గాల దగ్గరైనా, నాగలమడిక గుడి ముందైనా చెవిని పడేది ఎక్కువగా తెలుగే. బడికీ కచేరీకీ కన్నడం. ఈ ఏర్పాటుతో మనవాళ్ళు తరతరాలుగా కాలక్షేపం చేస్తున్నారు, పెద్ద యిబ్బంది లేదు. 2020 మార్చిలో కరోనా వచ్చాక అసలు చిక్కు బయటపడింది.

2021 ఏప్రిల్ 27 రాత్రినుండి కర్ణాటక ప్రభుత్వం వారు కట్టడి పెట్టారు. నిత్యావసరాల అంగళ్ళు ఉదయం 6 నుండి 10 గంటలవరకే. మే 5న ఆంధ్ర ప్రభుత్వం వారూ కర్ఫ్యూ పెట్టారు గాని, అక్కడ మధ్యాహ్నం 12 దాకా తెరవవచ్చు. సరిహద్దు పల్లెల్లో రెండు రాష్ట్రాలకూ నడుమ వుండేది ఒక వంకో, ఒక చేనుగట్టో. ఇవతల పదింటికి తలుపు వేసిన అంగడివాడు, అవతల యింకా బేరాలు సాగుతుంటే ఏమనుకోవాలి? రోగానికి గడియారం చూడడం తెలుసునా అని అతడు అడిగితే దాన్ని మూఢత్వం అనడానికి వీల్లేదు. జనం గుమిగూడే వేళ తగ్గించడమే ఉద్దేశం, ఎన్ని గంటలన్నది ఎవరి అంచనా వారిది అని చెబితే సరిపోయేది. అంత మాత్రం విడమరచి చెప్పేవారే కరువయ్యారు.

మాస్కు విషయమూ అంతే. మొదట్లో ఆరోగ్యంగా వున్నవారికి అక్కరలేదన్నారు. 2020 ఏప్రిల్ మొదటివారంలో కేంద్ర ఆరోగ్యశాఖ వారే, ఇంట్లో గుడ్డతో కుట్టుకొని కట్టుకోండన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారు అందరికీ గుడ్డ మాస్కు అనేసరికి జూన్ 5 వచ్చింది. ఏ లక్షణమూ లేనివారివల్ల కూడా జబ్బు అంటుతుందని ఈలోగా తేలింది. మాట మారడానికి అది సబబైన కారణమే. మారిన మాట ఊరికి చేరింది, కారణం చేరలేదు.

కోవిషీల్డు టీకాకు మొదట 4 నుండి 6 వారాల ఎడం అన్నారు. 2021 మార్చిలో 8 వారాల దాకా పెంచారు. మే 13న 12 నుండి 16 వారాలన్నారు. ఎడం పెరిగితే మేలని బ్రిటన్‌లో కనబడిందన్నారు. అయితే ఆ నెలలోనే టీకా దొరక్క జనం వట్టి చేతులతో తిరిగి వస్తున్నారు. సరకు లేక గడువు పెంచారనుకుంటే వాళ్ళను తప్పు పట్టగలమా? కొరత వున్నదని ముందు ఒప్పుకొని, తరువాత బ్రిటన్ సంగతి చెప్పివుంటే రెండూ నమ్మేవారేమో.

1898లో బెంగళూరుకు ప్లేగు వచ్చి మైసూరు సంస్థానంలో వ్యాపించినప్పుడు, మొదట అధికారుల మీద అనుమానమే. కాని ఎలుకలు రాలితే ఊరు ఖాళీ చేసి పొలాల్లో గుడిసెలు వేసుకోవడం త్వరలోనే జనానికి అలవాటైంది. కారణం కంటి ఎదుటే పడివుండేది గదా! కరోనాకు అటువంటి ఆనవాలు లేదు. అందుకే మాట మీద అంత భారం పడింది.

ఆ మాటకు పోటీ తెలుగులోనే వచ్చింది. 2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్యగారి మందుకు జనం వేలకు వేలు పోయారు. తెలుగు చానళ్ళు పొద్దస్తమానం అదే చూపాయి. మే 21న పంపిణీ ఆపి పరీక్షలు చేయించారు. మే 31న, కంట్లో వేసే చుక్కలు తప్ప మిగతావి ఇచ్చుకోవచ్చని ఆంధ్ర ప్రభుత్వం వారన్నారు. హాని కనబడలేదన్నారే గాని, కరోనాను నయం చేస్తుందనలేదు. చుట్టపక్కాలు ఫోనులో చెప్పుకునేసరికి, “సర్కారే ఒప్పుకుంది” అన్నంతవరకే మిగిలింది.

ఇంటి గడప దాకా వచ్చి, “అవ్వా, జ్వరం వున్నదా? సూది వేయించుకున్నావా?” అని అడగగలిగింది ఆశా కార్యకర్తే. ఎదురు ప్రశ్న వేయడానికి దొరికే సర్కారు మనిషి కూడా ఆమే. ఆ ఆశాలు నెలకు 12,000 రూపాయల గౌరవధనం కావాలని 2020 జూలైలో కర్ణాటకమంతటా సమ్మె చేయవలసి వచ్చింది. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశపు ఆశాలకు పురస్కారం ప్రకటించింది. ఆమె చేతికి వచ్చే కాగితం కన్నడంలో వుంటుంది, అవ్వకు చెప్పేది తెలుగులో. ఆ తర్జుమాకు ఏ పద్దులోనూ పైసా లేదు.