బైరెడ్డిపల్లె పిన్‌కోడ్‌ను వరసల్లో పేరిస్తే

బైరెడ్డిపల్లెకు ఉత్తరం రాస్తే చిరునామా చివర 517415 అని వేస్తాం. 1972 ఆగస్టు 15న వచ్చిన ఈ పిన్‌కోడ్ పద్ధతిలో మొదటి 5 ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటకలకు ఉమ్మడి. 517 చిత్తూరు వైపుది. మిగతా మూడంకెలు పోస్టాఫీసును చెబుతాయి. తపాలా వాళ్లకు అంతవరకే పని. దాన్నే ఐదు లక్షల పదిహేడు వేల నాలుగు వందల పదిహేను అని చదివితే, అప్పుడది ఎలాంటి సంఖ్య?

చింతపిక్కలతో మొదలుపెడదాం. పన్నెండు పిక్కల్ని రెండు వరసల్లో ఆరేసి, మూడు వరసల్లో నాలుగేసి పేర్చవచ్చు. పదమూడైతే ఎంత తిప్పలు పడ్డా ఒకటే వరస. ఇలా సమాన వరసలుగా విడిపోని వాటినే ప్రధాన సంఖ్యలంటాం.

ఇప్పుడు 5,17,415 పిక్కలున్నాయనుకోండి. బేసి సంఖ్య కాబట్టి రెండు వరసలు కుదరవు. అంకెలు కూడితే 23, అది 3తో పోదు. మూడు వరసలూ కుదరవు. చివర 5 ఉంది కాబట్టి ఐదు వరసలు కుదురుతాయి, వరసకు 1,03,483. పిక్క సెంటీమీటరు వేసుకున్నా ఒక్కో వరస కిలోమీటరు దాటుతుంది.

ఈ 1,03,483 ఇంకా విడుతుందా? 7తో భాగిస్తే 2 మిగులుతుంది, 11తో 6, 13తో 3. లక్ష దాకా ఇలా పోనక్కర్లేదు. 322ను 322తో హెచ్చిస్తేనే 1,03,684 వచ్చి మన సంఖ్యను దాటిపోతుంది. కాబట్టి ఇది రెండు సంఖ్యల లబ్ధమైతే అందులో చిన్నది 322 లోపే ఉండాలి. ఆ లోపు ప్రధాన సంఖ్యలు 66. వరసగా వేసి చూస్తే 199 దగ్గర ఆశ పుడుతుంది. అక్కడా 3 మిగులుతుంది. చివరిదైన 317తో 141 మిగులుతుంది. అంటే 1,03,483 ప్రధాన సంఖ్యే. మొత్తం 517415ను శేషం లేకుండా భాగించేవి నాలుగే: 1, 5, 1,03,483, తాను.

కుప్పం పిన్‌కోడ్ 517425. పదే తేడా. కానీ అది 3, 5, 5, 6,899ల లబ్ధం. దాన్ని భాగించేవి పన్నెండు. సంఖ్య గుణం దాని సైజును బట్టి ఉండదు.

ఇంకో సంగతి గమనించారా? 5ను 1,03,483తో హెచ్చించడం నిమిషం పని, విడదీసి చూడటానికే అన్ని భాగహారాలు. 1977లో రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఈ చిక్కునే రహస్య సమాచారానికి తాళంగా మార్చారు. రెండు పెద్ద ప్రధాన సంఖ్యల్ని హెచ్చించి లబ్ధాన్ని బయట పెడతారు, ఆ రెండింటినీ దాచుకుంటారు. అదే ఆర్‌ఎస్‌ఏ. ఇందులో వాడే 2048 బిట్ల సంఖ్యకు 617 అంకెలు. 2020లో పరిశోధకులు 250 అంకెల సంఖ్యను విడదీశారు. ఒకే ప్రాసెసర్ కోర్ మీద చేస్తే ఆ లెక్కకు దాదాపు 2,700 ఏళ్లు పట్టేది. చివర 5 కనబడింది కాబట్టి బైరెడ్డిపల్లె లెక్క కాగితం, పెన్ను ఉన్నవాళ్లకు ఒక పూటలో తేలుతుంది.