పల్చని తెర వెనుక



రెండేళ్ళ క్రితం మా సంఘ యౌవనస్థులు క్రిస్మస్ నాటకానికి చార్లెస్ డికెన్స్ 1843లో ప్రచురించిన ‘ఎ క్రిస్మస్ కెరోల్’ కథను ఎన్నుకున్నారు. అందులో పిసినారి స్క్రూజ్ ఇంటికి, ఏడేళ్ళ క్రితం చనిపోయిన భాగస్థుడు మార్లే దయ్యమై గొలుసులీడ్చుకుంటూ వస్తాడు. ముందునుండి చూస్తే కోటు వెనుకవైపు బొత్తాలు కూడా కనబడేటంత పల్చని రూపం అతడిది.

“అయ్యగారూ, గుడి ఆవరణలో దయ్యమా?” అని ఒక సంఘపెద్ద నొచ్చుకున్నారు. “ఈ దయ్యం భయపెట్టడానికి కాదండీ, స్నేహితుణ్ణి మారుమనస్సుకు పిలవడానికి వస్తోంది” అన్నాను. నిజానికి నేను భయపడవలసినది దయ్యానికి కాదు, తెరకు.

నాటక కంపెనీలవారు వాడే ప్రత్యేకమైన వలతెర కొనే స్తోమత మాకు లేదు. కుర్రవాళ్ళు ఎవరింట్లోనో మిగిలిన నైలాన్ నెట్ తెచ్చి కట్టారు. రిహార్సల్‌లో హాలోజన్ దీపం తెరకు జానెడు దూరంలో పెట్టారు. కాసేపటికి కమురు వాసన వచ్చింది. చూస్తే తెరకు అరచేయంత చిల్లు పడి, కరిగిన నైలాన్ బొట్లుగా కారుతోంది. వెనుక దయ్యం వేషంలో పన్నెండేళ్ళ అబ్బాయి ఉన్నాడు. ఒక బొట్టు చేతిమీద పడి బొబ్బ లేచింది. అంతటితో దేవుడు కాపాడాడు. వాళ్ళమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అది నాకు మరింత బాధ కలిగించింది.

ఆ తర్వాత అడిగి, చదివి, చేసి చూసి తెలుసుకున్న సంగతులు మీకూ ఉపయోగపడతాయని వ్రాస్తున్నాను.

మర్మమంతా వెలుగులోనే

కిటికీకి పల్చని తెర కడితే పగలు వీధిలోని వారికి గది లోపల కనబడదు. రాత్రి లోపల దీపం వెలిగిస్తే అంతా కనబడుతుంది. రంగస్థలం మీద జరిగేదీ ఇంతే. తెర ముందు, పైనుండో పక్కనుండో ఏటవాలుగా వెలుగు వేసి, వెనుక చీకటి చేస్తే అది గోడలా కనబడుతుంది. ముందు వెలుగు తగ్గించి వెనుకనున్న మనిషిమీద వెలుగు వేస్తే అతడు గాలిలో తేలినట్టు కనబడతాడు. మనిషి తెరకు మూడు నాలుగడుగుల వెనుక నిలబడాలి. అతని వెనుక నల్లగుడ్డ కట్టాలి.

ఏ గుడ్డ కొనాలి?

కన్నులు కన్నులుగా ఉండే దోమతెర గుడ్డ అన్నిటికంటె మేలు. పన్నా ఎక్కువ గనుక అతుకులు తక్కువ పడతాయి. అతుకు ఉంటే వెనుక దీపం వెలగగానే గీతలా బయటపడుతుంది. నూలు వాయిల్ కూడా పనికివస్తుంది గాని పన్నా సుమారు 44 అంగుళాలే. తెల్లనిదానికంటె బూడిదరంగు గుడ్డ వెనుక వెలుగు పడినప్పుడు బాగా మాయమవుతుంది. పాడుబడిన ఇంటి చినుగు తెరలకు, బూజుకు ఆసుపత్రి గాజుగుడ్డ చాలు. దాన్ని టీ డికాక్షన్‌లో ముంచి ఆరబెట్టి, చేత్తో సాగదీస్తే ఏనాటిదో అన్నట్టుంటుంది.

కొనేముందు చిన్న ముక్క అడిగి తీసుకోండి. ఒక పోగును పట్టకారుతో పట్టి, పెద్దవారే ఆరుబయట కాల్చి చూడాలి. కాగితం వాసన వచ్చి బూడిదైతే నూలు. ముడుచుకొని కరిగి గట్టి పూసలా మారితే నైలానో, పాలియెస్టరో.

తక్కువ ఖర్చు, ఎక్కువ జాగ్రత్త

నూలు కరగదు గాని త్వరగా అంటుకుంటుంది. రెండు లీటర్ల వేడినీళ్ళలో సుమారు 200 గ్రాముల వెలిగారం, 85 గ్రాముల బోరిక్ పొడి కరిగించి, నూలుగుడ్డను ముంచి ఆరబెడితే సులభంగా అంటుకోదు. ఉతికితే ఆ గుణం పోతుంది. నైలాన్‌కు ఇది పనిచేయదు. పిల్లలు తొడిగే బట్టలకు వాడవద్దు, ఆ పొడులను వారికి అందనివ్వవద్దు. ఇలా చేసిన గుడ్డయినా దీపాలకు దూరంగానే ఉండాలి. వేడి తక్కువ గనుక ఎల్.ఇ.డి. దీపాలే మంచివి. కొవ్వొత్తులు వద్దే వద్దు.

1903 డిసెంబరు 30న అమెరికాలోని చికాగోలో ఇరోక్వాయ్ థియేటర్‌లో రంగస్థల దీపం నుండి ఒక మస్లిన్ తెర అంటుకుంది. సెలవుల్లో నాటకం చూడవచ్చిన తల్లులు, పిల్లలు ఎందరో ఉన్న ఆ మందిరంలో 600 మందికి పైగా చనిపోయారు. కొన్ని తలుపులు అలంకారపు తెరల చాటున కనబడనే లేదు. 1984 మే 11న న్యూజెర్సీలో వినోదానికి కట్టిన ‘హాంటెడ్ కాజిల్’ అనే దయ్యాల కోట తగలబడి ఎనిమిదిమంది యౌవనులు మరణించారు. కాబట్టి తలుపులకు అడ్డంగా ఏ తెరా కట్టవద్దు. వేదిక పక్కన రెండు బకెట్ల ఇసుక ఉంచండి. కరెంటు మెయిన్ స్విచ్ దగ్గర ఒక పెద్దమనిషిని కూర్చోబెట్టండి.

నిరుడు అదే నాటకం మళ్ళీ వేశాం. దోమతెర గుడ్డను కుట్టింది ఆ అబ్బాయి తల్లే. కుట్టడానికి ముందు ఒక పోగు లాగి, పెరట్లో కాల్చి చూసి, “ఇది నూలేనండి అయ్యగారూ” అని చెప్పి పంపింది. మీరూ అలా చూసి కొనండి. ఆ తెర వెనుక నిలబడేది మన బిడ్డలే.