మీకు తెలుసా? బ్యాకప్ ఉన్నా సినిమా పోయేదే!

1998లో పిక్సార్ స్టూడియోలో ఒక్క తప్పుడు కమాండ్‌తో ‘టాయ్ స్టోరీ 2’ ఫైళ్లు చాలావరకు చెరిగిపోయాయి. బ్యాకప్ ఉంది కదా అని తెరిస్తే, అదీ సరిగా లేదని అప్పుడు తెలిసింది! పసిబిడ్డ ఉండటంతో ఇంటి నుంచి పనిచేసిన టెక్నికల్ డైరెక్టర్ గేలిన్ సుస్మన్ కంప్యూటర్‌లోని కాపీయే సినిమాను గట్టెక్కించింది.

ఇంట్లో ఫొటోలు దాచుకోవడానికి డ్రైవ్ కొంటున్నారా? ఎస్‌ఎస్‌డీ వేగమైనది, కింద పడినా హార్డ్ డిస్క్ అంత సులువుగా దెబ్బతినదు. కానీ అందులో సమాచారం విద్యుదావేశం రూపంలో ఉంటుంది. కంప్యూటర్‌కు తగిలించకుండా ఏళ్ల తరబడి బీరువాలో పడేస్తే, అందులోనూ వేడిగా ఉండే గదిలో, ఆ ఆవేశం మెల్లగా తగ్గిపోతుంది. బాగా వాడి అరిగిన డ్రైవ్‌కైతే ముప్పు మరీ ఎక్కువ. దాచి ఉంచడానికైతే హార్డ్ డిస్కే మేలు, ధరా తక్కువే.

అన్నట్టు, 1 టీబీ డ్రైవ్ విండోస్‌లో 931 జీబీగా కనిపిస్తే దుకాణదారుతో గొడవ పడకండి, తేడా లెక్కించే పద్ధతిలోనే ఉంది. 16 టీబీ పెన్‌డ్రైవ్ అంటూ కారుచౌకగా అమ్మేది మాత్రం నకిలీయే.

వీలైతే రెండు డ్రైవ్‌లు కొని, ఒకటి వేరే ఇంట్లో ఉంచండి. అప్పుడప్పుడూ ఫైళ్లు తెరిచి చూడండి.