యెనిసేయి తీరమున ఒక క్రియాపదము

సైబీరియాలో యెనిసేయి అను మహానది కలదు. దాని పరీవాహక ప్రాంతమున ఒకప్పుడు కెట్, యుగ్, కొట్, అసన్, అరిన్, పంపొకోల్ అను భాషలుండెను. ఇవన్నియు ఒక తల్లి బిడ్డలు. వీనిలో నేడు మిగిలినది కెట్ ఒక్కటియే; అదియును కొలదిమంది పెద్దల నోట మాత్రమే నిలిచియున్నది. తల్లిభాషను వ్రాసిపెట్టినవారు లేరు. అట్టి భాషలో ఒక క్రియ యెట్లు ఏర్పడెనో తెలిసికొనుట సాధ్యమా? భాషాశాస్త్రజ్ఞులు సాధ్యమే యనుచున్నారు. వారి మార్గమెట్టిదో చూతము.

మన యింటినుండియే మొదలుపెట్టుదము. మనము "చేయు" అందుము. తమిళులు "చెయ్" అందురు. కన్నడిగులు "గెయ్" అందురు. మన "చెవి" తమిళమునను "చెవి"యే, కన్నడమున "కివి". ఇట్టి మాటలను వరుసగా పేర్చి చూచినచో, ఇ, ఎ అను అచ్చులకు ముందున్న ప్రాచీన కకారము తెలుగు తమిళములలో చకారమైనదనియు, కన్నడమున నిలిచినదనియు తేలును. కావున మూలధాతువు "కెయ్" అని నిర్ణయింతురు. ఇట్టి రూపమునకు ముందు చిన్న నక్షత్రపు గుర్తు నుంచుట ఆచారము. ఇది ఎవరును విన్న మాట కాదు, తర్కముచే సాధించిన మాట యని దాని భావము.

యెనిసేయి భాషలలోను ఇదే పద్ధతి. కెట్ భాషలో నది "సెస్", రాయి "తస్", కన్ను "దెస్". పంపొకోల్ భాషలో అవియే "తత్", "కిత్", "దత్". ఒక్క మాట పోలినచో కాకతాళీయ మనవచ్చును. మూడింటను కెట్ సకారమునకు ఎదురుగా తకారమే నిలిచినప్పుడు అది నియమమగును.

అయితే నామవాచకముల పని ఇంత సులువైనను, క్రియల పని అట్లు కాదు. మనము "చేసితిని" అన్నప్పుడు ధాతువు ముందు, కాలము తరువాత, "నేను" అను సూచన చివర వచ్చును. కెట్ క్రియలో ఈ వరుస తలక్రిందులు: చేయువానిని తెలుపు అక్షరము ముందు, కాలమును తెలుపు అక్షరము నడుమ, ప్రాచీన ధాతువు చివర. ధాతువు ఒక్కొక్కప్పుడు ఒక్క అక్షరమై, చుట్టునున్న ప్రత్యయముల ఒత్తిడికి అరిగిపోవును. కెట్ ప్రజల ఇరుగుపొరుగువారి భాషలు మన భాషవలె ప్రత్యయములను చివర చేర్చునవి. వాని సాంగత్యము వలన కెట్ భాషలోను అర్థమునిచ్చు మాట క్రమముగా ముందుకు జరిగినదనియు, చివరనున్న పాత ధాతువు వట్టి ప్రత్యయమువలె మిగిలినదనియు అమెరికా పండితుడు ఎడ్వర్డ్ వాజ్డా వివరించెను. ఉత్తర అమెరికాలోని నా-దెనె భాషల క్రియలతో ఈ నిర్మాణమునకు చుట్టరికము కలదని ఆయన 2008లో అలాస్కా సభలో ప్రతిపాదించెను. దానిని అంగీకరించినవారును కలరు, సందేహించినవారును కలరు.

ఒక్క కెట్ సాక్ష్యముతో తల్లిభాష క్రియను నిర్ణయింపరాదు. రెండవ సాక్షి కావలెను. పంపొకోల్, అరిన్ భాషల విషయమున 18వ శతాబ్దపు యాత్రికులు వ్రాసికొన్నవి ముఖ్యముగా పదపట్టికలే. నీటికేమందురు, రాతికేమందురు అని అడిగిరి. "నేను వచ్చితిని, నీవు వచ్చితివి" అని చెప్పించుకొనలేదు. ఆ లోటును కొంత తీర్చినవాడు ఫిన్లాండు పండితుడు కాస్త్రెన్. 1840 దశకమున ఆయన సైబీరియాలో తిరుగుచు, అగుల్ నది ఒడ్డున కొట్ భాష నెఱిగినవారు ఐదుగురే మిగిలియుండగా, వారియొద్ద క్రియారూపములను సైతము వ్రాసికొనెను. 1852లో, నలువది యేండ్లయినను నిండకయే మరణించెను. ఆయన వ్రాసిన కెట్, కొట్ వ్యాకరణము 1858లో అచ్చయినది. కొట్ క్రియలో కర్తను తెలుపు గుర్తు చివరకూడ వచ్చునని మనకు తెలియుట దాని చలువయే. ఆ ఐదుగురిని ఆయన కలిసికొనకున్నచో ఆ రెండవ సాక్షి నోరు శాశ్వతముగా మూతపడియుండెడిది.

ఈ కథ మనకు దూరమైనది కాదు. 1961లో తెలుగు ధాతువుల చరిత్రను ప్రకటించిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు, 1969లో కొండదొరలు పలుకు కూబి భాషకు వ్యాకరణము ప్రకటించిరి. తెలుగు క్రియ పుట్టుక తెలియవలెనన్న లిపి లేని ఆ చెల్లెలి మాటయు వినవలెను. వస్తువుల పేర్లను మాత్రమే అడిగి వచ్చినచో పని సగమే యగును. వారు ఆ వస్తువులతో ఏమి చేయుదురో, దానినెట్లు చెప్పుదురో కూడ అడుగవలెను.