శస్త్రచికిత్సకై నిరీక్షణము

రాచపుండనిన మన యిండ్లలో పేరెత్తుటకే వెఱతురు. వైద్యులు దానినే కాన్సరందురు. ఆ వ్యాధి పరీక్షలో తేలిన దినము మొదలు, గడ్డను కోసి తీసివేయు దినమువఱకు గడచు కాలమును గూర్చి యిచ్చట ముచ్చటింపదలచితిని. వ్యాధి పేరు వినుట యొక కష్టము. విన్న పిదప వారములు, నెలలు కాచుకొని యుండుట దానిని మించిన కష్టము.

ధర్మవరము, పెనుకొండ, హిందూపురము ఈ మూడును బెంగుళూరునకు పోవు నొకే రైలుమార్గమున నున్నవి. ఈ సీమవారిలో ననేకులు చికిత్స కోరి, 1973లో బెంగుళూరున నేర్పడిన కిద్వాయి స్మారక సంస్థకు పోవుదురు. తిరుపతికి పోవువారును గలరు. ఇట్టి పెద్ద యాసుపత్రులకు పలు జిల్లాల రోగులు చేరుదురు. శస్త్రవైద్యులును, మత్తుమందిచ్చు వైద్యులును, పడకలును పరిమితము. ఒక్క పెద్ద శస్త్రచికిత్సకే కొన్ని గంటలు పట్టును. కావున వరుస పెరుగును.

అయినను గడచిన ప్రతిదినమును వ్యర్థమనరాదు. వ్యాధి యెంతవఱకు వ్యాపించినదో తెలిసికొనవలయును. గుండె, ఊపిరితిత్తులు మత్తుమందునకు తాళునో లేదో చూడవలయును. రక్తహీనత, మధుమేహము చక్కబఱుపవలయును. రొమ్ము కాన్సరునందు కొన్ని యెడల ముందు మందులిచ్చి, గడ్డను చిన్నది చేసి, పిమ్మట కోయుదురు. అది జాగు కాదు, చికిత్సయే. కారణము లేని జాగే హానికరము. 2020లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ అను పత్రికలో వెలువడిన పరిశోధనము, పండ్రెండు లక్షలకు మించిన రోగుల వృత్తాంతములను పరిశీలించి, శస్త్రచికిత్స నాలుగు వారములు ఆలస్యమైనచో మరణప్రమాదము ఉన్నదానిపై నూటికి 6 మొదలు 8 పాళ్లు హెచ్చునని తేల్చినది. రెండు మూడు దినములకై గుండె చెదరనక్కఱలేదు; నెలపై నెల గడపరాదు.

జాగు ఆసుపత్రిలోనే కాదు, మన యింటను పుట్టును. “మగ్గముపైనున్న చీర దిగనిండు,” “వేరుసెనగ కల్లము ముగియనిండు,” “పిల్ల పెండ్లి కానిండు” అని రోగియే వాయిదా వేయును. గడ్డ నొప్పింపకున్నచో ధైర్యము మఱింత హెచ్చును. ఇంటి పనులన్నియు తీఱిన తరువాతనే తన దేహమును తలచుకొనుట ఇల్లాలికి అలవాటైపోయినది. అట్టియెడ ఆమె వలదన్నను అత్తగారో, కోడలో, భర్తయో పట్టుబట్టి తీసికొనిపోవలయును.

ఇక కొన్ని మెలకువలు. గడ్డనుండి ముక్క తీసి పరీక్షించిన కాగితమునే గాక, ఆ పరీక్షకు వాడిన గాజుపలకలను, మైనపుదిమ్మను అడిగి తీసికొనుడు. వేఱొక యాసుపత్రిలో అవి లేనిచో మరల ముక్క తీయవలసి రావచ్చును. 2007 ఏప్రిల్ 1వ తేదీన ఆరోగ్యశ్రీ తొలుత ప్రారంభమైన మూడు జిల్లాలలో మన యనంతపురమొకటి, నేడది ఎన్.టి.ఆర్. వైద్యసేవ యను పేర నడచుచున్నది. వ్యయమునకు ముందుగా అనుమతి కావలయును గనుక, కార్డు, ఆధార్ కాగితములు తొలినాడే సిద్ధముగా నుంచుడు. పొరుగు రాష్ట్రమునకు పోవుటకు ముందు ఆ పథకము అచ్చట చెల్లునో లేదో విచారింపుడు. “ఇంకను ఏ పరీక్షలు మిగిలినవి? తేదీ యెప్పుడు? అంతవఱకు ఆగుట క్షేమమేనా? మఱొకచోట త్వరగా జరుగునా?” అని వైద్యుని అడుగుట మర్యాదకు లోపము కాదు. సమాధానములను ఒక పుస్తకమున వ్రాసికొనుడు.

డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు తమ సోదరిని ఈ వ్యాధికి కోల్పోయి, స్త్రీల సంఘము పక్షమున ఎన్నో యేండ్లు పాటుపడి, 1954లో చెన్నపట్టణపు అడయారున కాన్సరు సంస్థను నెలకొల్పిరి. మనమంతటి పని చేయలేకపోవచ్చును. పొరుగింటి యామెకు తోడుగా రైలెక్కుట, ఆమె తిరిగి వచ్చువఱకు ఆమె పిల్లలకింత అన్నము పెట్టుట మాత్రము మనచేతిలోని పనులే. తోడు లేకయే ఎందఱో తేదీలు దాటవేయుచున్నారు.