క్లచ్చు మార్చిన పిదప గేరు మొరాయించిన ఏమి చేయవలెను?

మన పాఠశాల పిల్లలలో పెక్కుమంది తండ్రిగారి మోటారు సైకిలు వెనుక కూర్చుండి బడికి వచ్చువారే. మన హోసూరు మోటారు సైకిళ్లు తయారగు ఊరు. మెకానిక్కులకు కొదవ లేదు. అయినను క్రొత్త క్లచ్చు ప్లేట్లు వేయించిన తరువాత బండి మునుపటికంటె మొండికెత్తినదని కొందరు తల్లిదండ్రులు మాతో చెప్పుచుందురు. గట్టిగా తన్నిననేగాని గేరు పడదు. పడినప్పుడు ధబాలున చప్పుడగును. బండి నిలిపినప్పుడు న్యూట్రలు దొరకదు. ఇది డబ్బు మాట మాత్రమే కాదు. బడి గేటువద్ద పిల్లలు దిగుచుండగా, క్లచ్చు పట్టియున్నను బండి ముందుకు దూకినచో ప్రమాదము. కావున ఈ విషయమును కొంత వివరింపదలచితిమి. గేర్లు లేని స్కూటర్లకు ఇది వర్తింపదు.

ముందుగా క్లచ్చు చేయు పని తెలియవలెను. ఇంజను బలమును గేరుపెట్టెకు అందించుటయు, కావలసినప్పుడు ఆపుటయు దాని పని. మన బండ్లలో చాలవాటియందు అది ఇంజను ఆయిలులోనే తిరుగును. రాపిడి ప్లేట్లు, ఉక్కు ప్లేట్లు ఒకదాని తరువాత ఒకటిగా పేర్పబడి, స్ప్రింగుల బలముచే నొక్కబడియుండును. చేతి లీవరు లాగినప్పుడు కేబులు ఆ ఒత్తిడిని సడలించును, ప్లేట్లు విడిపోవును, అప్పుడే గేరు సులువుగా మారును. ప్లేట్లు పూర్తిగా విడిపోనిచో గేరు పండ్లపై బలము నిలిచియుండును, గేరు మొరాయించును. కావున క్లచ్చు మార్చిన వెంటనే పుట్టిన దోషము సాధారణముగా గేరుపెట్టెది కాదు.

మునుపు లేని దోషము ఇప్పుడేల వచ్చెను? ప్లేట్లు అరిగినకొలది కేబులులోని వదులు తగ్గుచుండును. దానిని ఎప్పటికప్పుడు సరిచేయించుకొనుచుందుము. క్రొత్త ప్లేట్లు మందమైనవి. వాటికి పాత అమరిక సరిపడదు. కేబులు మిక్కిలి వదులగును. లీవరును చివరివరకు లాగినను ప్లేట్లు పూర్తిగా విడిపోవు.

దోషమెచ్చటనున్నదో కనుగొనుటకు సులభమైన పరీక్ష యొకటి కలదు. ఇంజను ఆపి, బండిని నడిమి స్టాండుపై నిలుపవలెను. ఒకరు వ్రేళ్లను గొలుసునకు దూరముగా నుంచి వెనుక చక్రమును మెల్లగా త్రిప్పుచుండగా, మరియొకరు గేర్లు మార్చవలెను. ఇప్పుడు సులువుగా పడి, ఇంజను నడుచునప్పుడు మాత్రమే మొరాయించినచో, క్లచ్చు సరిగా విడిపోవుటలేదని అర్థము. ఇంజను ఆపినను పడనిచో, కాలి గేరు లీవరును చూడవలెను. విప్పి బిగించునప్పుడు అది ఒక పన్ను తప్పి బిగింపబడెనేమో, వంగి ఫుట్‌రెస్టునకు తగులుచున్నదేమో పరిశీలింపవలెను. అదియు సరిగానున్నచో, అప్పుడు గేరుపెట్టె సంగతి.

క్లచ్చుదే దోషమని తేలినచో, ఖర్చులేనిది మొదట చూడవలెను. మొదటిది కేబులు. అనేక బండ్లలో లీవరు కొనవద్ద 10 మొదలు 20 మిల్లీమీటర్ల వదులు ఉండవలెను; మీ బండి పుస్తకములోని కొలతయే ప్రమాణము. బొత్తిగా వదులు లేకుండ బిగించుటయు తప్పే. అప్పుడు క్లచ్చు జారును. ఇంజను అరచునుగాని వేగము పెరుగదు. క్రొత్త ప్లేట్లు మాడిపోవును. కేబులు పోగులు తెగినదేమో, ఎచ్చటనైన మడతపడినదేమో కూడ చూడవలెను.

రెండవది ఆయిలు. దాని మట్టము సరిగానుండవలెను. కార్లకు వాడు కొన్ని ఆయిళ్లలో రాపిడి తగ్గించు పదార్థములుండును. వాటివలన క్లచ్చు జారవచ్చును. మోటారు సైకిలు ఆయిలు డబ్బాపై జాసో ఎం.ఏ. లేక ఎం.ఏ.2 అను గుర్తు ఉన్నదేమో చూచి కొనవలెను.

ఈ రెండును సరిగానున్నను గుణము కనబడనిచో, అప్పుడు మూత విప్పించవలెను. రాపిడి ప్లేట్లను బిగించుటకు ముందు ఆయిలులో నానబెట్టిరా? ప్లేట్ల సంఖ్య, వరుస సరియేనా? ఉక్కు ప్లేట్లు వంగలేదుగదా? ప్లేట్లు కూర్చుండు బుట్ట అంచులలో గాడులు పడినవా? స్ప్రింగుల బోల్టులు సమముగా బిగింపబడెనా? ఈ ప్రశ్నలను మర్యాదగా అడుగుటలో తప్పు లేదు.

మరియొక మాట. మెకానిక్కుతో తమిళమున మాటలాడినను, కన్నడమున మాటలాడినను, "గేరుపెట్టె చెడినది" అని మనమే తీర్పు చెప్పరాదు. "ఇంజను ఆపినప్పుడు గేరు పడుచున్నది, నడుచునప్పుడు పడుటలేదు" అని చూచినదానిని చూచినట్లు చెప్పవలెను. వైద్యునికి రోగలక్షణము చెప్పినట్లే ఇదియు. అట్లు చెప్పినచో అనవసరముగా ఇంజను విప్పు పని తప్పును.

బండి బాగుపడువరకు పిల్లలను దానిపై ఎక్కింపవలదని మా మనవి. బాగుచేయునప్పుడు మాత్రము వారిని ప్రక్కన నిలువనిండు. సైన్సు పుస్తకమున వారు చదువు ఘర్షణ అచ్చట కంటికి కనబడును. ఒక్కొక్క కారణమును వరుసగా పరీక్షించి త్రోసివేయుట యెట్లో వారికి తెలియును.